ఇనుము ఇచ్చే వెసులుబాటు, అల్యూమినియం పెట్టే షరతు

సూపర్‌చార్జర్ ఉన్న ఇంజన్ను దింపి విప్పాక యజమాని చేసే మొదటి పని కేటలాగు తిరగేయడం. ఏ ఇంజనైనా సరే, అందులో కనిపించే వరస దాదాపు ఒకటే: ఫోర్జ్‌డ్ పిస్టన్లు, హెచ్-బీమ్ రాడ్లు, హెడ్ స్టడ్లు, పెద్ద ఇంజెక్టర్లు, చిన్న పుల్లీ. గట్టి సామాను వేస్తే గట్టి ఇంజన్ వస్తుందన్న నమ్మకం ఆ వరస వెనక ఉంది. అది ఎంతవరకు నిలుస్తుందో తేల్చడానికి ఒక్క ఇంజన్ చాలదు. స్వభావంలో ఎదురెదురుగా నిలిచే రెండింటిని పక్కపక్కన విప్పి చూడాలి.

అలా చూడదగ్గ జంట ఫోర్డ్ మస్టాంగ్ కోబ్రా, లోటస్ ఎక్సీజ్ ఎస్. ఫోర్డ్‌లోని ఎస్‌వీటీ విభాగం 2003, 2004 మోడళ్లుగా తెచ్చిన కోబ్రాను అభిమానులు టెర్మినేటర్ అని పిలుచుకుంటారు. 1,650 కిలోలు దాటిన అమెరికన్ బండి అది. ఎక్సీజ్ ఎస్ 2006లో వచ్చిన ఇంగ్లీషు బండి, బరువు 930 కిలోల చిల్లర. షోరూములో వీటికి పోటీ లేదు. కానీ రెండింటికీ గాలి ఊదే సూపర్‌చార్జర్, అంటే బ్లోయర్, ఒకే ఇంటిది. ఈటన్ తయారీ, రూట్స్ తరహా, రెండు రోటార్లు, క్రాంక్ నుంచి బెల్టు. కోబ్రాది ఎం112, అంటే ఒక చుట్టుకు 112 ఘనపు అంగుళాలు, సుమారు 1.84 లీటర్ల గాలి. ఎక్సీజ్‌ది ఎం62, సుమారు లీటరు. బ్లోయర్ తరహా ఒకటే కాబట్టి, తేడా అంతా దాని కింద ఉన్న ఇంజన్లదే.

రెండు పుట్టుకలు

2001 కోబ్రాలో 4.6 లీటర్ల వీ8కు బ్లోయర్ లేదు. బ్లాకు అల్యూమినియం, కంప్రెషన్ 9.85, శక్తి 320 హార్స్‌పవర్. బ్లోయర్ పెట్టాలని నిర్ణయించాక ఎస్‌వీటీ ఇంజనీర్లు ఆ అల్యూమినియం బ్లాకును వదిలేసి పోత ఇనుము బ్లాకు తీసుకున్నారు. కంప్రెషన్‌ను 8.5కు దించారు. పిస్టన్లు ఫోర్జ్‌డ్‌వి వేశారు. కనెక్టింగ్ రాడ్లు మ్యాన్లీ కంపెనీ హెచ్-బీమ్ రకం. ఫలితం 6,000 ఆర్‌పీఎం దగ్గర 390 హార్స్‌పవర్. బరువు పెరిగినా పరవాలేదు, లోహం మాత్రం తగ్గకూడదన్నది అక్కడి తీర్మానం.

లోటస్ దారి వేరు. వాళ్లు తెచ్చుకున్నది టొయోటా 2జెడ్‌జెడ్-జీఈ. యమహాతో కలిసి తయారుచేసిన ఈ 1,796 సీసీ ఇంజన్ సెలికా లాంటి కార్లలో బ్లోయర్ లేకుండా పైకి తిరగడానికి పుట్టింది. బోరు 82 మిల్లీమీటర్లు, స్ట్రోకు 85. కంప్రెషన్ 11.5. సుమారు 6,200 ఆర్‌పీఎం దాటాక వాల్వులను ఇంకా ఎక్కువ ఎత్తే రెండో క్యామ్ పని మొదలుపెడుతుంది. లోటస్ దీని మీద బ్లోయర్, ఇంటర్‌కూలర్ పెట్టింది. లోపల పిస్టన్లనూ కంప్రెషన్‌నూ ముట్టుకోలేదు. 8,000 ఆర్‌పీఎం దగ్గర సుమారు 220 హార్స్‌పవర్ వచ్చింది.

లీటరుకు లెక్కేస్తే కోబ్రా 85 హార్స్‌పవర్ ఇస్తుంది, ఎక్సీజ్ 120 దాటుతుంది. కాగితం మీద చూస్తే లోటస్ పనితనమే గొప్పది. కానీ ఆ ఇంజన్‌లో ప్రతి భాగమూ పక్కదాని మీద ఆనుకుని నిలబడింది. ఫోర్డ్‌లో ఏ భాగం బరువు అదే మోసుకుంటుంది. కొత్త ఇంజన్ నడుపుతున్నప్పుడు ఈ తేడా తెలియదు. విప్పి మళ్లీ కట్టేటప్పుడు తెలుస్తుంది.

అసలు శత్రువు వేడి

భాగాల ఎంపికకు ముందు ఏది ఇంజన్ను చంపుతుందో తెలియాలి. కోబ్రాలో బూస్ట్, అంటే బ్లోయర్ అదనంగా ఎక్కించే పీడనం, సుమారు 8 పీఎస్ఐ. బయటి గాలి పీడనం 14.7 అనుకుంటే లోపలికెళ్లే గాలి పీడనం దానికి ఒకటిన్నర రెట్లు పైన. 25 డిగ్రీల గాలిని ఏ నష్టమూ లేకుండా అంతగా నొక్కగలిగితే 64 డిగ్రీలకు వేడెక్కుతుంది. రూట్స్ బ్లోయర్ అంత పొదుపరి కాదు. దాని సామర్థ్యం 60 శాతం అనుకున్నా గాలి 90 డిగ్రీలు దాటి బయటికొస్తుంది. చిన్న పుల్లీ వేసి రోటార్లను ఇంకా వేగంగా తిప్పితే బూస్ట్ పెరిగిన దానికంటే వేగంగా వేడి పెరుగుతుంది.

ఈ వేడి గాలి సిలిండర్‌లో మళ్లీ నొక్కుడు పడినప్పుడు, ప్లగ్గు నుంచి మంట చేరేలోపే మూలన ఉన్న మిశ్రమం తనంతట తాను పేలుతుంది. అదే నాకింగ్. ఆ దెబ్బ పిస్టన్ తల మీద, రింగుల మధ్య ఉండే సన్నటి గట్ల మీద పడుతుంది. ఫోర్జ్‌డ్ పిస్టన్ ఆ దెబ్బలు మరికొన్ని ఎక్కువ తింటుంది, అంతే. దెబ్బలను ఆపడం దాని పని కాదు. ఆపేవి ఇంటర్‌కూలర్, మంచి పెట్రోలు, సరిపడా ఇంజెక్టర్లు, జాగ్రత్తగా పెట్టిన ఇగ్నిషన్ టైమింగ్.

ఇక్కడ రెండు ఇంజన్లూ వేర్వేరుగా స్పందిస్తాయి. కోబ్రాకు 8.5 కంప్రెషన్ ఉంది కాబట్టి చిన్న పొరపాటు జరిగినా కాస్త చోటు మిగిలి ఉంటుంది. 11.5 కంప్రెషన్ మీద బూస్ట్ ఎక్కించిన ఎక్సీజ్‌కు ఆ చోటు లేదు. అందుకే ఎక్సీజ్ కట్టేవాళ్లు డబ్బు మొదట చల్లదనం మీద పెట్టాలి. కోబ్రాలో బ్లోయర్ కింద నీళ్లతో చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఉంది. నీళ్లు ఒక్కసారి వచ్చే వేడిని బాగా మింగుతాయి, డ్రాగ్ పరుగుకు అది చాలు. పరుగు మీద పరుగు తీస్తే ఆ నీళ్లే వేడెక్కిపోతాయి, ముందున్న చిన్న రేడియేటర్ పెద్దదైతే తేరుకుంటాయి. ఎక్సీజ్‌లో ఇంటర్‌కూలర్ ఇంజన్ నెత్తిన కూర్చుని పైకప్పు మీది స్కూపు నుంచి వచ్చే గాలి పీలుస్తుంది. బండి పరుగెడుతున్నంతసేపూ అది బాగుంటుంది. పిట్‌లో ఆగితే కింద ఉన్న ఇంజనే దాన్ని కాలుస్తుంది. ఒకే పని చేసే రెండు భాగాలు, బలహీనతలు మాత్రం తలకిందులు.

బ్లాకు గోడ, పిస్టన్ స్కర్టు

విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్ బోరుకొస్తే మేస్త్రీ పాత లైనర్లు లాగేసి, లైనరూ పిస్టనూ కలిసి వచ్చే కిట్టు తెచ్చి దింపేస్తాడు. గోడ అరిగితే గోడే మారిపోతుంది. ఈ రెండు కార్లలో ఏదీ అంత సులువు కాదు గాని, కోబ్రా ఆ పద్ధతికి దగ్గరగా ఉంటుంది. ఇనుప గోడను అర మిల్లీమీటరు దాకా పెద్దది చేసి, ఆ సైజు పిస్టన్లు తెచ్చుకోవచ్చు. చేయించేటప్పుడు ఒక్క జాగ్రత్త చాలు. హెడ్డు బిగించినప్పుడు బోల్టుల లాగుడుకు సిలిండర్ కొద్దిగా వంకరపోతుంది. కాబట్టి హెడ్డు స్థానంలో మందపాటి ఉక్కు పలక బిగించి, గోడను ఆ వంకర స్థితిలోనే నున్నగా హోనింగ్ చేయాలి. పలక తీశాక గోడ గుండ్రంగా కనిపించకపోవచ్చు, అసలు హెడ్డు బిగించాక గుండ్రంగా వస్తుంది. ఈ పలక ఉన్న వర్క్‌షాపును వెతకడం, ఖరీదైన పిస్టన్ల బ్రాండును వెతకడం కంటే కోబ్రాకు ఎక్కువ మేలు.

టొయోటా ఇంజన్‌లో ఇనుప లైనర్లే లేవు. అల్యూమినియం బ్లాకు పోసేటప్పుడే సిలిండర్ గోడలో గట్టి నారల మిశ్రమం కలిపి పోస్తారు. అందుకే సిలిండర్లు దగ్గర దగ్గరగా కూర్చున్నాయి. రెండింటి మధ్య గోడ అర సెంటీమీటరుకు కాస్త పైన మాత్రమే. బరువు తగ్గింది, ఇంజన్ పొట్టిదైంది. కానీ ఆ మిశ్రమపు గోడకు నప్పే పూత స్కర్టు మీద లేని పిస్టన్ వేస్తే రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. మామూలు పద్ధతిలో రీబోర్ కూడా కుదరదు. అంటే ఫోర్జ్‌డ్ పిస్టన్లు కావాలనుకోవడంతోనే మరో ప్రశ్న ఎదురొస్తుంది: గోడతో ఏం చేస్తారు? ఇనుప స్లీవులు వేయిస్తే పిస్టన్ ఎంపికకు స్వేచ్ఛ వస్తుంది. అందుకోసం ఆ సన్నటి గోడనే చెక్కాలి. పని చేసే చేయి ఏమాత్రం తప్పినా బ్లాకు చేజారినట్టే.

స్లీవులు పడ్డాక లెక్క మళ్లీ మారుతుంది. అల్యూమినియం గోడ వేడెక్కితే పిస్టన్‌తోపాటు తనూ వ్యాకోచిస్తుంది. ఇనుము అందులో సగమే వ్యాకోచిస్తుంది. కాబట్టి పిస్టన్‌కూ గోడకూ మధ్య పాత ఖాళీ పనికిరాదు, కొత్తది వదలాలి. ఆ ఖాళీ ఎంతో పిస్టన్ లోహం చెబుతుంది. ఫోర్జ్‌డ్ పిస్టన్లలో 4032 అనే మిశ్రమంలో సిలికాన్ సుమారు 12 శాతం ఉంటుంది. అది తక్కువ వ్యాకోచిస్తుంది, తక్కువ ఖాళీతో నిశ్శబ్దంగా నడుస్తుంది, దెబ్బకు మాత్రం పెళుసు. 2618లో సిలికాన్ నామమాత్రం. దెబ్బకు వంగుతుంది గాని పగలదు. బదులుగా ఎక్కువ ఖాళీ అడుగుతుంది, చలిలో స్టార్ట్ చేస్తే వేడెక్కేదాకా తడతడలాడుతుంది, రింగు గాడులు త్వరగా అరుగుతాయి. రేసుకే వాడే ఎక్సీజ్‌కు 2618 సరే. రోజూ ఆఫీసుకు తీసుకెళ్లి ఆదివారం ట్రాక్‌కు పోయే బండికి, బూస్ట్ పెంచనంతవరకు, 4032 మేలు. గట్టిదనం అనే ఒక్క మాట ఈ రెండు గుణాలనూ కప్పేస్తుంది.

ఇక్కడ ఎంత ఖరీదైన పిస్టన్ కొన్నా తప్పించుకోలేని చిన్న పని ఒకటుంది. రింగును సిలిండర్‌లోకి దించి, తలకిందులు చేసిన పిస్టన్‌తో దాన్ని సమంగా నొక్కి, రెండు కొసల మధ్య సందును ఫీలర్ గేజితో కొలవాలి. బ్లోయర్ లేని ఇంజన్‌లో పై రింగుకు బోరు సైజులో వెయ్యింట నాలుగున్నర వంతు సందు సరిపోతుంది. బూస్ట్ ఉంటే వెయ్యింట ఆరు దాకా పోతారు. 82 మిల్లీమీటర్ల బోరుకు మొదటిది 0.37, రెండోది 0.49 మిల్లీమీటర్లు. తేడా ఒక కాగితం మందం. సందు ఎక్కువైతే కాస్త గ్యాస్ కిందికి జారుతుంది. తక్కువైతే వేడికి రింగు సాగి కొసలు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి, గట్టు విరిగి పిస్టన్ పోతుంది. రెండు తప్పుల ఖరీదు సమానం కాదు కాబట్టి, తప్పు జరిగితే వదులు వైపు జరగాలి. ఈ నియమం ఇనుముకూ అల్యూమినియానికీ ఒకటే.

నొక్కే రాడు, లాగే రాడు

హెచ్-బీమ్ రాడ్లను అమ్మేవాళ్లు బూస్ట్ పేరు చెప్పి అమ్ముతారు. పక్కపక్కన పెడితే ఆ మాటలో సగమే నిజం. బూస్ట్ వల్ల పెరిగేది పేలుడు పీడనం, అది రాడును పైనుంచి కిందికి నొక్కుతుంది. రాడును తెంపాలని చూసేది ఆర్‌పీఎం. ఎగ్జాస్ట్ స్ట్రోకు చివర పిస్టన్ పైకి దూసుకెళ్లి ఆగి వెనక్కి తిరిగే క్షణంలో, దాన్ని ఎదురు నొక్కే పేలుడు లేదు. ఆ బరువంతా రాడు బోల్టుల మీద వేలాడుతుంది.

ఆ లాగుడు స్ట్రోకుతో నేరుగా, ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది. స్ట్రోకు కోబ్రాలో 90 మిల్లీమీటర్లు, ఎక్సీజ్‌లో 85. కానీ ఒకటి 6,000 దగ్గర పని ముగిస్తే, రెండోది 8,000 దగ్గర పని చేస్తుంది. కిలో బరువుకు లెక్కేస్తే ఎక్సీజ్ రాడు బోల్టు మీద లాగుడు కోబ్రా కంటే సుమారు 68 శాతం ఎక్కువ. పిస్టన్ సగటు వేగం కోబ్రాలో సెకనుకు 18 మీటర్లు, ఎక్సీజ్‌లో 22 దాటుతుంది.

దీన్నిబట్టి ఎంపిక తలకిందులవుతుంది. లావుపాటి రాడ్లు ఫ్యాక్టరీ నుంచే ఉన్న కోబ్రాలో వంకర, పగుళ్లు పరీక్షించి, బోల్టులు కొత్తవి వేసుకుంటే చాలు. రాడ్లు మార్చడం చాలామందికి వృథా ఖర్చు. ఎక్సీజ్‌లో రాడు మందం కంటే బోల్టు నాణ్యత, పిస్టన్ బరువు ముఖ్యం. బరువైన ఫోర్జ్‌డ్ పిస్టన్ వేసి అదే 8,000 దాకా తిప్పితే, బూస్ట్ కోసం వేసిన భాగమే ఆర్‌పీఎం దగ్గర శత్రువవుతుంది.

హెడ్డులో దాగిన లోపాలు

ఇంత లోహం పోసిన ఫోర్డ్ ఒకచోట పిసినారితనం చూపింది. ఆ కాలపు కోబ్రా హెడ్లలో ఎడమ వైపు దానికి వెనక సిలిండర్ల దగ్గర నీళ్లు చురుగ్గా కదలవు. అక్కడ వేడి నిలిచి వాల్వ్ గైడులు దెబ్బతిని, టిక్కుటిక్కుమనే చప్పుడు మొదలవడం ఆ కారు యజమానులందరికీ తెలిసిన కథ. ఫోర్డ్ తర్వాత హెడ్డు మార్చింది. పాత హెడ్డు ఉన్నవాళ్లు దాని వెనక నుంచి నీళ్లకు అదనపు దారి వేయిస్తారు. పిస్టన్ల కిట్టు ఖరీదులో కొంత చాలు ఈ పనికి.

టొయోటా హెడ్డులో లోపం వేరే చోట ఉంది. రెండో క్యామ్‌ను కలిపే రాకర్ల షాఫ్టును పట్టి ఉంచే చిన్న బోల్టులు తొలి ఇంజన్లలో అరిగి విరిగేవి. విరిగితే ఇంజన్ పగలదు. 6,200 దాటాక రావాల్సిన ఊపు రాదు, అంతే. అప్పుడు యజమాని బ్లోయర్‌ను, ఇంజెక్టర్లను అనుమానిస్తాడు. టొయోటా తర్వాత ఇచ్చిన మార్చిన బోల్టులు కొద్ది ఖర్చుతో వస్తాయి.

హెడ్ బోల్టుల విషయంలో రెండింటికీ ఒకే మాట వర్తిస్తుంది. ఫ్యాక్టరీ బోల్టులు సాగే దాకా బిగించే రకం, ఒకసారి విప్పాక కొత్తవి వేయడమే మేలు. స్టడ్లు వేయాలనుకుంటే వేయొచ్చు. అయితే స్టడ్ల బిగింపు వేరు కాబట్టి, పైన చెప్పిన పలకను కూడా స్టడ్లతోనే బిగించి హోనింగ్ చేయించాలి.

ఇద్దరికీ ఒకే గండం

ఇన్ని తేడాలున్న ఈ రెండు ఇంజన్లు ఒక చిన్న భాగం దగ్గర కలుస్తాయి. రెండింటిలోనూ ఆయిల్ పంపు క్రాంక్ ముక్కు మీద నేరుగా కూర్చుంటుంది. లోపలి గేర్లు లోహపు పొడిని అదిమి కాల్చి చేసినవి. అలాంటి గేరు నిలకడైన బరువును ఎంతైనా మోస్తుంది, చటుక్కున పడే కుదుపును మాత్రం ఓర్చుకోదు. కోబ్రాలో యాక్సిలరేటర్ తొక్కిపెట్టి రెవ్ లిమిటర్‌ను పదేపదే తాకిస్తే క్రాంక్ మెలికపడుతూ విడుస్తూ ఆ గేరును కొడుతుంది. ఎక్సీజ్‌లో మూడో గేరు అనుకుని తప్పు గేరులోకి దించితే ఆర్‌పీఎం ఒక్కసారిగా హద్దు దాటి అదే గేరు చిట్లుతుంది. నూనె ఆగాక బేరింగులు క్షణాల్లో పోతాయి. పైన వేసిన ఫోర్జ్‌డ్ సామాను ఏదీ దాన్ని కాపాడలేదు.

బ్లోయర్ బెల్టు లాగేదీ ఆ ముక్కునే. కాబట్టి ఉక్కు దిమ్మ నుంచి చెక్కిన పంపు గేర్లు, పనితీరు తెలిసిన క్రాంక్ డ్యాంపర్ రెండు కార్ల జాబితాలోనూ పిస్టన్ల కంటే ముందు ఉండాలి. డ్యాంపర్ బదులు తేలికని చెప్పి గట్టి అల్యూమినియం పుల్లీ వేసేవాళ్లు ఆ గేరు మీద మరో సుత్తి పెడుతున్నారు.

తీర్పు

మనసుకు నచ్చేది ఎక్సీజ్ ఇంజనే. తక్కువ లోహంతో ఎక్కువ పని రాబట్టిన తీరు, కంప్రెషన్ తగ్గించకుండా బూస్ట్ ఎక్కించిన ధైర్యం అబ్బురపరుస్తాయి. కానీ మళ్లీ కట్టాల్సి వచ్చినప్పుడు ఆ అందమే షరతులు పెడుతుంది. అక్కడ తీగ లాగితే డొంకంతా కదులుతుంది. కంప్రెషన్ తగ్గిస్తే కింది ఆర్‌పీఎంలో బలం పోతుంది, ఆ బలం కోసం బూస్ట్ పెంచాలనిపిస్తుంది, ఎం62 వేడెక్కుతుంది, పెద్ద బ్లోయర్ కావాలి, పిస్టన్ మార్చినందుకు గోడ మారాలి, గోడ మారినందుకు ఖాళీ మారాలి. అందుకని ఎక్సీజ్‌కు రెండే నిజాయితీ గల దారులున్నాయి. మొదటిది ఫ్యాక్టరీ పిస్టన్లు, 11.5 కంప్రెషన్ అలాగే ఉంచి, కొత్త రింగులు, బేరింగులు, బోల్టులు, పంపు గేర్లు, మెరుగైన ఇంటర్‌కూలర్‌తో ఆపడం. రెండోది బ్లాకు నుంచి బ్లోయర్ దాకా అంతా ఒకేసారి మార్చడం. ఈ రెండింటి మధ్యలో ఆగిన ఇంజన్లే ఎక్కువగా పోతాయి.

కోబ్రా అలా కాదు. అక్కడ ఒక్కో భాగాన్ని దాని అరుగుదల చూసి విడిగా ఎంచుకోవచ్చు. ఈ ఏడాది హెడ్డు, వచ్చే ఏడాది ఇంటర్‌కూలర్ అనుకున్నా ఇంజన్ కోపగించదు. ఫ్యాక్టరీ ముందే ఫోర్జ్‌డ్ భాగాలు వేసింది కాబట్టి, డబ్బు హెడ్డు చల్లదనానికీ పంపు గేర్లకూ మంచి హోనింగుకూ పోవాలి. ఈ ఇంజన్‌కు కొత్త రాడ్లు కొనడం చాలావరకు ముచ్చట కోసం చేసే ఖర్చు.

ఏ బండికైనా సామాను జాబితా రాసేటప్పుడు ప్రతి భాగం పక్కనా, అది మారితే తప్పనిసరిగా మారాల్సిన మిగతా భాగాలు రాసుకోవాలి. పక్కన ఏమీ రాయనక్కర్లేనివి ముందు కొనాలి. పక్కన నాలుగు పేర్లు పడితే, ఆ నాలుగింటికీ డబ్బు చేతిలో ఉన్నప్పుడే ఆ భాగం వైపు వెళ్లాలి.